పెద్దవాళ్లకి వెన్నెముక ఆపరేషన్: త్వరగా లేచి నడవాలంటే ఎక్కడ దేన్ని ఎంచుకోవాలి

ఎనభైకి దగ్గరపడ్డ నాన్నకో అమ్మకో వెన్నెముక ఆపరేషన్ తప్పదని డాక్టర్ చెప్పగానే ఇంట్లో అందరి ధ్యాసా ఆపరేషన్ థియేటర్ మీదికే పోతుంది. సర్జన్ ఎవరు, కోత ఎంత పెద్దది, ఎన్ని గంటలు పడుతుంది, ఇవే మాటలు. ఇవి అడగాల్సినవే. అయితే అప్పటికే ఒళ్లు చిక్కిపోయి, నాలుగడుగులు వేస్తే అలసిపోయే మనిషి మళ్లీ ఎలా కోలుకుంటాడన్నది ఆపరేషన్‌కి ముందు గడిచే వారాల్లోనూ, తర్వాత మొదటి కొద్దిరోజుల్లోనూ చాలావరకు తేలిపోతుంది, ఆ రోజుల్లో తీసుకునే నిర్ణయాల్లో సగం ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంటాయి.

ఈ ఎంపికలన్నింటికీ నేను పెట్టుకునే కొలత ఒక్కటే. ఈ దారిలో వెళితే పెద్దాయన ఎవరి సాయం లేకుండా లేచి బాత్రూంకి వెళ్లి రావడం త్వరగా జరుగుతుందా, ఆలస్యమవుతుందా? ఎక్స్‌రేలో స్క్రూలు ఎంత చక్కగా కుదిరాయన్నది ఆ తర్వాతి సంగతి. చివరి మాట ఎలాగూ మనిషిని చేత్తో పరీక్షించిన డాక్టర్‌దే, ఆ డాక్టర్‌ని ఏం అడగాలో తెలిసి వెళ్లండి.

వయసు వేరు, బలహీనత వేరు

ఎనభై రెండేళ్ల వయసులో రోజూ నడిచే మనిషి ఉంటాడు, అరవై ఎనిమిదికే కుర్చీలోంచి లేవలేని మనిషీ ఉంటాడు. డాక్టర్లు ఫ్రెయిల్టీ అనేది ఈ రెండో స్థితిని. 2001లో అమెరికా వృద్ధుల వైద్య నిపుణురాలు లిండా ఫ్రీడ్ బృందం దీనికి ఐదు గుర్తులు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ నీరసం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, రోజువారీ కదలిక తగ్గిపోవడం. మూడు లేదా అంతకుమించి ఉంటే ఫ్రెయిల్ అంటారు, ఒకటి రెండు ఉంటే ఆ అంచున ఉన్నట్టు. ఆసుపత్రుల్లో 1 నుంచి 9 వరకు ఉండే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ కూడా వాడతారు, చూసి మాట్లాడి రెండు నిమిషాల్లో వేసేయొచ్చు. ఇంట్లో మీరే చూడాలనుకుంటే నాలుగు మీటర్ల దూరం మామూలుగా నడవమనండి. ఐదు సెకన్లు, ఆపైన పట్టిందంటే నడక నెమ్మదించినట్టే. నడుము నొప్పి వల్ల కూడా నడక నెమ్మదిస్తుంది కదా అంటారు, నిజమే, అందుకే చేతి పట్టు, బరువు తగ్గుదల కలిపి చూడాలి.

ఈ స్కోరు ఎంతో సర్జన్‌ని నేరుగా అడగండి. లెక్క కట్టలేదంటే, ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునేలోపు వృద్ధుల వైద్యం చూసే డాక్టర్ దగ్గరికి ఒకసారి పంపమనండి. లండన్‌లోని గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆపరేషన్‌కి ముందే వృద్ధుల వైద్య బృందం చూసే పద్ధతి 2003 నుంచీ నడుస్తోంది. అలాంటి ప్రత్యేక విభాగం లేని చోట కూడా మంచి జనరల్ ఫిజీషియన్ ఒకరు కూర్చుని మందుల జాబితా, గుండె, కిడ్నీ, జ్ఞాపకశక్తి, ఇంటి పరిస్థితి అన్నీ ఒకేసారి చూస్తే సగం ప్రయోజనం దక్కుతుంది.

వెంటనే చేయించాలా, కొన్ని వారాలు ఆగాలా

ముందు ఆగకూడని సందర్భాలు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, కాలి బలం రోజురోజుకీ తగ్గడం, వెన్నుపాము నొక్కుకుపోయి చేతులు మొద్దుబారి బొత్తాలు కూడా పెట్టుకోలేకపోవడం, వెన్నెముకలో ఇన్ఫెక్షన్, వెన్నుపూస విరిగి కదిలిపోవడం, ట్యూమర్. వీటిలో కొన్నిటికి గంటలు, కొన్నిటికి రోజులు లెక్క. ఎంత బలహీనంగా ఉన్నా సరే, "ముందు బలం పుంజుకుందాం" అని కూర్చునే సమయం ఇది కాదు.

మిగతావాళ్లలో ఎక్కువమందిది నరాల దారి సన్నబడి, కొంతదూరం నడిస్తే కాళ్లు లాగి, కూర్చుంటే తగ్గే సమస్య. వీళ్లకి నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగితే సాధారణంగా నష్టం ఉండదు. నా సలహా ఆగమనే, కానీ ఒక షరతు మీద: ఆ వారాలు నిజంగా వాడుకోగలిగితేనే. మంచం మీద పడుకుని తేదీ కోసం ఎదురుచూసేటట్టయితే ఆగడం కంటే వెంటనే చేయించుకోవడమే నయం, ఎందుకంటే పడుకున్న ప్రతి వారం కండ కరిగిపోతూనే ఉంటుంది.

వాడుకోవడం అంటే ఏమిటంటే, నొప్పితో నడవలేని మనిషిని నడవమని బలవంతపెట్టడం కాదు. నరాల దారి సన్నబడినవాళ్లకి ముందుకు వంగితే ఉపశమనం వస్తుంది, కాబట్టి నడవలేనివాళ్లు కూడా కదలని సైకిల్ తొక్కగలరు, వాకర్ మీద వాలి నాలుగు అడుగులు ఎక్కువ వేయగలరు. కుర్చీలోంచి చేతులు ఊతం పెట్టకుండా లేచి కూర్చోవడం, రోజుకి రెండు మూడు విడతలు, ఇది ఒక్కటే చేయగలిగినా ఆపరేషన్ మర్నాడు అదే పని అక్కరకొస్తుంది. దీంతోపాటు శ్వాస వ్యాయామం, ఇంకా పక్కకి ఒత్తిగిలి నడుము మెలితిప్పకుండా మంచం దిగడం ముందే నేర్పించాలి. ఆపరేషన్ అయ్యాక నొప్పిలో కొత్తగా నేర్చుకోవడం పెద్దవాళ్లకి చాలా కష్టం. వెన్నెముక ఆపరేషన్లకి ముందస్తు వ్యాయామం మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, ఫలితాలు అన్నింట్లో ఒకేలా లేవు. అయినా నేను దీన్నే సమర్థిస్తాను, జాగ్రత్తగా చేయిస్తే పోయేది దాదాపు ఏమీ లేదు, వచ్చేది చాలా ఉంది.

ఇదే సమయంలో ఆహారం, రక్తం, షుగర్, ఎముక. ప్రొటీన్ రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు లక్ష్యంగా పెట్టుకుంటారు, అంటే యాభై కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క డాక్టర్ మార్చాలి. ఒక్కపూటే ఎక్కువ పెట్టడం కన్నా మూడు పూటలకీ పంచడం మేలు, పెద్దవాళ్లు ఒకేసారి అంత తినలేరు. రక్తహీనత ఉంటే కారణం చూడాలి. ఐరన్ లోపమే అయితే మాత్రలా, సెలైన్‌లో ఎక్కించే ఐరనా అన్న ప్రశ్న వస్తుంది: చేతిలో రెండు నెలలుంటే మాత్రలతో మొదలుపెట్టొచ్చు, నాలుగు వారాలే ఉండి మాత్రలు కడుపుకి పడకపోతే ఎక్కించుకోవడమే సరైనది. పొగతాగే అలవాటు ఉంటే కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి, ఎముకలు కలిపే ఆపరేషన్ అయితే తర్వాత కూడా ముట్టకూడదు, నికోటిన్ ఎముక అతుక్కోవడాన్ని అడ్డుకుంటుంది.

ఈ మధ్యలో నొప్పికి ఓర్చుకోలేక వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుందామనుకుంటే ముందు సర్జన్‌కి చెప్పండి. ఇంజెక్షన్ వేసిన నెల లోపు ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ రిస్క్ పెరుగుతుంది, అందుకని తేదీ మార్చాల్సి రావచ్చు.

స్క్రూలతోనా, స్క్రూలు లేకుండానా

అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే, తీరిగ్గా మాట్లాడాల్సిందీ ఇక్కడే. నరాల మీద ఒత్తిడి చేస్తున్న ఎముకని, మందపడ్డ లిగమెంట్‌ని తీసేసి ఊరుకుంటే డీకంప్రెషన్. దాంతోపాటు స్క్రూలు, రాడ్లు వేసి రెండు మూడు వెన్నుపూసల్ని ఒకటిగా అతికిస్తే ఫ్యూజన్. రెండోది ఎక్కువసేపు పడుతుంది, ఎక్కువ రక్తం పోతుంది, తర్వాత నొప్పి కూడా ఎక్కువ.

ఒక వెన్నుపూస ముందుకి జారి ఉంటే ఫ్యూజన్ తప్పదని చాలాకాలం అనుకున్నారు. 2016లో స్వీడన్ నుంచి వచ్చిన పరిశోధనలో 50 నుంచి 80 ఏళ్ల మధ్య వాళ్లు 247 మందిని డీకంప్రెషన్ మాత్రమే చేసినవాళ్లు, దాంతోపాటు ఫ్యూజన్ కూడా చేసినవాళ్లు అని రెండు గుంపులు చేసి చూస్తే, రెండేళ్ల తర్వాత పనులు చేసుకోగలగడంలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు, ఎముక జారినవాళ్లలో కూడా. ఆసుపత్రిలో ఉన్న రోజులు మాత్రం ఫ్యూజన్ వాళ్లకి సగటున 7.4, డీకంప్రెషన్ మాత్రమే అయినవాళ్లకి 4.1. అదే ఏడాది అమెరికాలో జరిగిన చిన్న పరిశోధన ఒకటి ఫ్యూజన్‌కి కొంచెం మొగ్గు చూపింది, అది కూడా చెప్పాలి. తర్వాత 2021లో నార్వే పరిశోధన, 267 మంది, అందరికీ ఎముక జారిన సమస్యే: రెండేళ్లకి బాగా మెరుగుపడ్డవాళ్లు రెండు గుంపుల్లోనూ 70 శాతం పైచిలుకు. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు డీకంప్రెషన్ గుంపులో 12.5 శాతం, ఫ్యూజన్ గుంపులో 9.1 శాతం.

ఈ అంకెల్ని బలహీనంగా ఉన్న పెద్దాయనకి అన్వయిస్తే, ఆయనకి మూడు రోజులు అదనంగా ఆసుపత్రి మంచం మీద ఉండటం ఆరోగ్యవంతుడికి ఉన్నంత తేలిక కాదు. ఆ మూడు రోజుల్లోనే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం, అయోమయంలో పడటం, కండ పోవడం జరుగుతాయి. కాబట్టి రెండూ సాధ్యమే అని సర్జన్ అంటే నేను చిన్న ఆపరేషన్ వైపే ఉంటాను, కొందరికి మళ్లీ చేయాల్సి రావచ్చని తెలిసి కూడా. కానీ వెన్నెముక నిజంగా కదిలిపోతుంటే, వంగి నిలిచినప్పుడు తీసిన ఎక్స్‌రేల్లో జారుడు పెరుగుతుంటే, లేదా ఒత్తిడి తీయాలంటే కీలు మొత్తం తీసేయక తప్పకపోతే ఫ్యూజన్ కావాలి, అప్పుడు దాన్ని వద్దనడం మొండితనం అవుతుంది. అడగాల్సిన ప్రశ్న సూటిగా ఇదే: "స్క్రూలు వేయకపోతే ఈయనకి ఏమవుతుందని మీ భయం?" దానికి మీ నాన్న స్కాన్ చూపించి జవాబు చెప్పే సర్జన్ మాట నమ్మొచ్చు.

ఫ్యూజన్ అని తేలితే ఎముక గట్టిదనం చూడకుండా ముందుకి వెళ్లొద్దు. గుల్లబారిన ఎముకలో స్క్రూ నిలవదు, వదులవుతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే కింద ఉంటే ఎముక గుల్లబారినట్టు. పెద్దవాళ్ల నడుములో అరుగుదల వల్ల పెరిగిన ఎముక ఈ స్కాన్‌ని మోసం చేస్తుంది, నడుము దగ్గర అంకె ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది, అందుకని తుంటి దగ్గర అంకె చూడమనండి, సీటీ స్కాన్ తీసి ఉంటే అందులోనూ ఎముక సాంద్రత లెక్కగట్టొచ్చు. ఎముక పలచగా ఉందంటే టెరిపారటైడ్ లాంటి ఎముక పెంచే మందు కొన్ని నెలలు వాడి తర్వాత చేయడం ఒక దారి, స్క్రూ చుట్టూ సిమెంట్ నింపడం ఇంకో దారి. తొందర లేకపోతే మొదటిదే మంచిది, అది వెన్నెముక మొత్తానికి పనికొస్తుంది.

ఆపరేషనే వద్దనుకోవడం కూడా ఒక ఎంపికేనని చెప్పేవాళ్లు తక్కువ. ఇప్పటికీ ఇంట్లో తన పనులు తాను చేసుకుంటూ, బజారు దాకా నడవలేకపోతున్నానన్న బాధ మాత్రమే ఉన్న మనిషికి వ్యాయామం, వాకర్, నొప్పి మందులతో గడిచిపోతే అది ఓటమేమీ కాదు. ఆయన్నే అడగండి, ఏది చేయలేకపోవడం ఎక్కువ బాధగా ఉందని. పిల్లలందరూ కూర్చుని మాట్లాడుకుని ఆయనకి చివర్లో చెప్పడం చాలా ఇళ్లలో జరుగుతోంది, అది తప్పు.

మత్తు, నొప్పి మందులు

పూర్తి మత్తు ఇస్తే మతి పోతుంది, నడుముకి ఇచ్చే మత్తే మేలు అని చాలామంది గట్టిగా నమ్ముతారు. నడుము ఫ్యూజన్ చేయించుకునే 65 ఏళ్లు దాటినవాళ్ల మీద ఈ రెండింటినీ పోల్చిన పరిశోధన 2021లో వచ్చింది, అయోమయంలో పడ్డవాళ్ల సంఖ్యలో తేడా తేలలేదు. చిన్న డీకంప్రెషన్‌కి నడుము మత్తు బాగానే సరిపోతుంది, ఊపిరితిత్తులు బాగోలేనివాళ్లకి అది నయం కావచ్చు, కానీ దీని కోసం పట్టుబట్టి టెన్షన్ పడక్కర్లేదు. మత్తు డాక్టర్‌తో మాట్లాడాల్సినవి వేరే ఉన్నాయి: నిద్ర మాత్రల జాతి మందులు, అంటే మిడజోలం, డయాజిపామ్ లాంటివి, వీలైనంత వరకు వద్దని అడగడం, రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇస్తారా అని అడగడం. రాత్రంతా నీళ్లు కూడా ముట్టకుండా ఉంచే అలవాటు గురించీ అడగండి, మామూలుగా ఘనాహారం ఆరు గంటల ముందు ఆపితే చాలు, మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు.

నొప్పి మందుల దగ్గర అసలు పోటీ ఎక్కువ మత్తు మందుకీ తక్కువ మత్తు మందుకీ మధ్య. పారాసెటమాల్‌ని నొప్పి వచ్చినప్పుడు కాకుండా గడియారం ప్రకారం ఇవ్వడం పునాది, మోతాదు బరువునీ లివర్‌నీ చూసి డాక్టర్ రాయాలి. దాని మీద ఓపియాయిడ్ మందు, అంటే మార్ఫిన్, ట్రమడాల్ లాంటి మత్తు కలిగించే నొప్పి మందు, చిన్న మోతాదులో, అవసరమైతేనే, అదీ నడిపించే ముందు పడేలా చూసుకుంటే బాగా పనికొస్తుంది. అసలు ఇవ్వకపోవడం కూడా పొరపాటే, నొప్పితో బిగుసుకుని పడుకున్న మనిషి లేవడు, నిద్రపోడు, అయోమయంలోకి జారిపోతాడు. ఓపియాయిడ్ మొదలైన రోజే మలబద్ధకానికి మందు కూడా మొదలవ్వాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ, కడుపు, గుండె చూసుకోకుండా పెద్దవాళ్లకి ఇవ్వకూడదు. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ నరాల నొప్పికని దాదాపు అలవాటుగా రాసేస్తున్నారు. వీటితో పెద్దవాళ్లకి, ఓపియాయిడ్ కలిస్తే మరీ, శ్వాస నెమ్మదించే ప్రమాదముందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది, తూలి పడటం సరేసరి. ముందునుంచీ వాడుతుంటే హఠాత్తుగా ఆపొద్దు, కొత్తగా మొదలుపెడుతుంటే ఎందుకని అడగండి.

మంచం దగ్గర ఎవరుండాలి

ఆపరేషన్ తర్వాత మతి తప్పినట్టు మాట్లాడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, రాత్రిళ్లు పైపులు లాగేసుకోవడం, దీన్ని డెలీరియం అంటారు. అరిచేవాళ్లని అందరూ గమనిస్తారు, నోరు మెదపకుండా మగతగా పడుకునేవాళ్లని "పాపం, రెస్ట్ తీసుకుంటున్నారు" అని వదిలేస్తారు. ఈ రెండో రకం ఇంట్లోవాళ్లే పట్టుకోగలరు, మామూలుగా ఆ మనిషి ఎలా ఉంటాడో తెలిసింది వాళ్లకే. అమెరికా వృద్ధుల వైద్య నిపుణురాలు షారన్ ఇనౌయే బృందం 70 దాటిన ఆసుపత్రి రోగులు 852 మంది మీద చేసి 1999లో ప్రచురించిన పరిశోధనలో, మందులేవీ లేకుండా కేవలం కళ్లజోడు, వినికిడి మెషిన్ అందుబాటులో ఉంచడం, రోజూ నడిపించడం, నీళ్లు తాగించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం, తేదీ, చోటు గుర్తుచేస్తూ మాట్లాడటం లాంటి వాటితో డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. వాళ్లు ఆపరేషన్ రోగులు కారు, కానీ ఈ పనులు ఎవరికైనా వర్తిస్తాయి. అందుకే డబ్బిచ్చి పెట్టుకున్న అటెండెంటా, ఇంటి మనిషా అంటే మొదటి మూడు రాత్రులు మాత్రం ఇంటి మనిషే ఉండాలంటాను.

లేవడం ఎప్పుడు? సర్జన్ వద్దనకపోతే అదే రోజు సాయంత్రం మంచం అంచున కూర్చోబెట్టడం, మర్నాడు నిలబెట్టి నడిపించడం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక పరిశోధనలో కాళ్లలోంచి దాదాపు కిలో కండ పోయింది. ఆరోగ్యవంతులకే అంత పోతే, ముందే చిక్కిపోయిన మనిషి దగ్గర పోవడానికి ఇంకేం మిగిలి ఉంటుంది? యూరిన్ పైపు కూడా ఇదే లెక్క, వీలైతే ఒకటో రోజుకే తీసేయమనండి, ఇన్ఫెక్షన్ తగ్గుతుంది, లేవడానికి ఒక కారణమూ దొరుకుతుంది. తీశాక మూత్రం వస్తోందో లేదో చూసుకోవాలి. నడుం బెల్టు సర్జన్ ప్రత్యేకంగా చెబితే వేసుకోండి, అందరికీ అక్కర్లేదు.

ఇంటికా, రిహాబ్ సెంటర్‌కా

ఆపరేషన్‌కి ముందే తేల్చుకోవాలి. మనిషి ఒకరి చేయూతతో మంచం దిగి బాత్రూం దాకా వెళ్లగలిగి, ఇంట్లో రాత్రి కూడా లేచే మనిషి ఒకరుండి, ఫిజియోథెరపిస్ట్ వారానికి రెండు మూడుసార్లు వచ్చే వీలుంటే ఇల్లే మంచిది. తెలిసిన చోట నిద్ర పడుతుంది, తిండి సహిస్తుంది. లేపడానికి ఇద్దరు కావాల్సి వస్తే, లేదా ఇంట్లో ఉన్నది ఇంకో పెద్దావిడ మాత్రమే అయితే, నడిపించి, వ్యాయామం చేయించి కోలుకునేలా చూసే రిహాబ్ సెంటర్‌కి కొద్దివారాలు పంపడం ఆమెకి కూడా మేలు చేసినట్టే. సెంటర్‌ని ఎంచేటప్పుడు గదులెలా ఉన్నాయని చూసి మురిసిపోవద్దు, రోజుకి ఎన్ని నిమిషాలు నిజంగా నడిపిస్తారు, రాత్రి బెల్ కొడితే ఎవరొస్తారు అని అడగండి. నడిపించకుండా మంచంలోనే చూసుకునే చోటు ఎంత శుభ్రంగా ఉన్నా మన పనికి రాదు.

ఇంటికే అయితే ఎత్తైన టాయిలెట్ సీటు, పట్టుకునే కడ్డీలు, కాలికి అడ్డుపడే చాపలు తీసేయడం, రాత్రి దారిలో లైటు, ఇవి డిశ్చార్జికి ముందే అయిపోవాలి. వంగి కింద వస్తువు తీయడం, బరువెత్తడం, నడుము మెలితిప్పడం ఎన్నాళ్లు వద్దో రాయించుకోండి, లేకపోతే భయంతో నెలల తరబడి ఏమీ చేయకుండా కూర్చుంటారు. ఇంటికొచ్చాక కుట్ల దగ్గర నీరు కారినా, జ్వరమొచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయాలి. కాలు కొత్తగా బలం కోల్పోయినా, మూత్రం ఆగినా, కూర్చునే చోట మొద్దుబారినా, ఛాతీలో నొప్పో ఆయాసమో వచ్చినా ఫోన్ కూడా వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లిపోండి.